మూల విరిగిన బండ

నాకు ఒక మూల లేదు. బేతంచెర్ల గనిలో నన్ను పొర నుంచి విడదీస్తున్నప్పుడు సమ్మెట దెబ్బ పక్కకు పడి, అరచేయంత ముక్క ఊడిపోయింది. ఆ దెబ్బ పడకుంటే నేనిప్పుడు నున్నగా పాలిష్ పట్టించుకుని ఏ పట్నంలోనో, ఏ ఇంటి వసారాలోనో పరుచుకుని ఉండేదాన్ని. జీవితంలో ఒక్క పిట్టనైనా ఇంత దగ్గరగా చూసి ఉండేదాన్ని కాదు.

మాది నార్జి సున్నపురాయి వంశం. ఈ మెట్ట నేలంతా సముద్రంగా ఉన్న కాలంలో, దాని అడుగున పొర మీద పొరగా పేరుకున్న బురద గట్టిపడి మేమయ్యాం. గునపం మొన ఆనించి లేపితే పలకలు పలకలుగా విడిపోయేది అందుకే. ఊరికి దగ్గర్లోని బిల్లసర్గం గుహలు కూడా మా రాతివే. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త, ఆయన కొడుకు ఆ గుహల్లో మట్టి తవ్వించారు. ఏ కాలానివో జంతువుల ఎముకలు బయటపడ్డాయి. మా నీడకు వచ్చిన ప్రాణిని కడుపులో దాచుకోవడం మా వంశానికి పాత అలవాటు. నా వంతు వచ్చేసరికి చాలా ఏళ్ళు పట్టింది.

ఊరి బయట బోరు పక్కన గాబు కట్టుకోవడానికి ఒక రైతు బండలు కొన్నాడు. నాలుగు నిలబెట్టి, సిమెంటు పూసి, ఎద్దులకూ గొర్రెలకూ నీళ్ళ తొట్టి చేసుకున్నాడు. మూల విరిగిన నన్ను గని దగ్గర ఊరికే ఇచ్చేశారు. పనికిరాక వేపచెట్టు మొదట్లో ఆనుకుని పడి ఉన్నాను.

ఒక దసరా పండగ రోజుల్లో జరిగింది ఇది. రెండు రోజులు కరెంటు సరిగా లేక గాబులో నీళ్ళు సగానికి దిగాయి. తెల్లవారుజామున ఒక చిన్న పిట్ట అంచు మీద వాలింది. బూడిద రంగు వీపు, తెల్లటి మొహం, మెడ కింద నల్లమచ్చ. నిమిషం కూడా నిలవని తోక. తలవంచి నీళ్ళు అందుకోబోయి జారింది. గోడలు నాలుగూ నున్నన. రెక్కలు తడిసి బరువెక్కాయి. గోడ పట్టుకోబోవడం, జారడం, మళ్ళీ పట్టుకోబోవడం. నేను చూస్తూనే ఉన్నాను. రాయిని కదా, కదల్లేకపోయాను.

పొద్దున ఆ రైతు ఇంటి అవ్వ వచ్చి దాన్ని తీసి అరచేతిలో పెట్టుకుంది. ఇరవై గ్రాములు ఉంటుందేమో. పక్కనే ఉన్న మనవడు అడిగాడు:

"అవ్వా, ఇది మన ఊరి పిట్టేనా? ఎండాకాలం యాడా కనపడదే."

"కాదు నాయనా. ఏటా దసరాకు వస్తాది, ఎండలు ముదిరేలోపు పోతాది. యాడ పుట్టిందో, ఎన్ని కొండలు దాటొచ్చిందో. మన గాబులో నీళ్ళకొచ్చి సచ్చిపాయె."

ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నా వైపు చూసింది. "ఆ మూల ఇరిగిన బండను ఈడికి తేరా అబ్బీ."

ఇద్దరూ కలిసి నన్ను గాబులోకి వాలుగా దించారు. ఒక కొస అడుగున, ఇంకో కొస అంచు మీద. నీళ్ళు ఎంత దిగినా నా మీద నడిచి అందుకోవచ్చు, జారిపడ్డది ఎక్కి రావచ్చు. విరిగిన చోట నేను గరుకుగా ఉంటాను కనుక వాటి కాళ్ళకు పట్టు దొరుకుతుంది. నన్ను చెడగొట్టిందనుకున్న దెబ్బ ఆ రోజు నుంచి పనికొచ్చింది.

అప్పటినుంచి ప్రతి ఏడూ వలస కాలం నా మీదుగానే నడుస్తుంది. తోకాడించే ఆ పిట్టలు హిమాలయాలకు అవతలి నుంచి వస్తాయి. జొన్నచేల మీదికి గులాబీ గోరింకలు మబ్బులా దిగుతాయి. కంకులు పాలు పోసుకునే వేళ గింజ తింటాయి, నిజమే. మిడతలనూ అంతే ఆకలిగా తింటాయి. అవ్వ డబ్బా కొట్టి లేపుతుందే గాని వల వేయనీయదు. ఒక రాత్రి ఎవరో కౌజు పిట్టల కోసం వల పట్టుకుని చేను గట్టు మీదికి వస్తే, లాంతరు ఎత్తి పట్టుకుని వాళ్ళు పోయేదాకా అక్కడే నిలబడింది.

అన్నిటికంటే నన్ను కదిలించింది పిల్లిగద్ద. ఒక సాయంత్రం మా గాబు అంచున వాలింది. బూడిద రంగు ఒళ్ళు, రెక్కల కొసలు మసి రాసినట్టు నలుపు, గుడ్లగూబను తలపించే గుండ్రటి మొహం. మూడుసార్లు నీళ్ళు తాగి, నేలకు ఆనుకున్నట్టే ఎగురుతూ బీడు వైపు వెళ్ళిపోయింది. ఇవి చెట్లమీద నిద్రపోవు. ఎత్తుగా పెరిగిన గడ్డిలో, నేలమీదే, గుంపులుగా రాత్రి గడుపుతాయి. దక్షిణ భారతంలో చలికాలం గడిపిన కొన్నిటికి చిన్న ట్రాన్స్‌మిటర్లు కట్టి చూస్తే, ఎండాకాలానికి కజకిస్తాన్ గడ్డి మైదానాల దాకా వెళ్ళాయని తేలింది. అంత దూరం పోయి వచ్చే పక్షికి ఇక్కడ కావలసింది మోకాలెత్తు గడ్డి, కాసిన్ని మిడతలు.

ఆ గడ్డికి మీరు పెట్టిన పేరు బీడు. కాగితాల్లో బంజరు. పంట లేదు కనుక అక్కడ ఏమీ లేదని లెక్క. ఒక మనిషి ఇంట్లో లేనప్పుడు ఆ ఇంటిని ఖాళీ స్థలమని రాసుకుంటే ఎట్లా ఉంటుంది? పిల్లిగద్ద ఎండాకాలమంతా ఊళ్ళో ఉండదు. దసరాకు ఇంటికి తిరిగొచ్చేసరికి ఆ గడ్డి కాలిపోయి నల్లగా ఉంటే అది ఎక్కడ పడుకోవాలి?

మా జిల్లాలోనే రోళ్ళపాడు ఉంది. బట్టమేక పిట్ట కోసం 1988లో అక్కడి గడ్డినేలను, సుమారు 614 హెక్టార్లను, అభయారణ్యం చేశారు. అదే గడ్డిలో పిల్లిగద్దలు వందల్లో రాత్రి బస చేసిన రోజులున్నాయి. ఇప్పుడు వాటి సంఖ్య తగ్గింది. బట్టమేక పిట్ట కనపడటమే అరుదైపోయింది. కంచె లోపలి గడ్డి ఒక్కటే చాలదు. పగలంతా పక్షి మేతకు తిరిగేది చుట్టుపక్కల చేలలోనే. ఆ చేలు బాగుంటేనే అభయారణ్యం బాగుంటుంది.

మనుషులు మారలేరని నేను నమ్మను. నాగాలాండ్‌లో దోయాంగ్ జలాశయం దగ్గర 2012లో అముర్ డేగలను వలలు కట్టి వేల సంఖ్యలో చంపారు. సైబీరియా, ఉత్తర చైనాల్లో పుట్టి, శరదృతువులో మన దేశం మీదుగా అరేబియా సముద్రం దాటి ఆఫ్రికా దక్షిణానికి పోయే పక్షులవి. మరుసటి ఏడే అక్కడి గ్రామాలు వలలు దించేశాయి. చంపిన చేతులే కాపలా కాశాయి. తమిళనాడు శివగంగ జిల్లాలో కొల్లుకుడిపట్టి జనం, గూళ్ళలో ఉన్న పక్షులు బెదురుతాయని దీపావళికి టపాసులు కాల్చరు. అడవి పక్షులను పట్టడం, చంపడం నేరమని 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం చెబుతుంది. ఆ ఊళ్ళు మాత్రం చట్టం కన్నా ముందు పక్షి మొహం చూశాయి.

ఏటా అక్టోబర్ రెండో శనివారాన్ని ప్రపంచ వలస పక్షుల దినంగా జరుపుతారు. ఆ రోజు మీరు పెద్ద పని చేయనక్కర్లేదు. గాబులో, తొట్టిలో ఒక బండను వాలుగా పెట్టండి. మందు డబ్బాలు అందులో కడగకండి. పక్షి తాగేది ఆ నీళ్ళే. శనగచేలో అక్కడక్కడా ఎండు కొమ్మలు పాతండి. పాలపిట్టా, పసులపోలిగాడూ వాటిమీద కూర్చుని పచ్చపురుగును ఏరుకుని తింటాయి. గట్టు పక్క గడ్డికి నిప్పు పెట్టకండి. బిడ్డకు వల వేయడం నేర్పకండి, పేరు పెట్టి పిలవడం నేర్పండి.

అవ్వకు ఇప్పుడు నడుము వంగింది. మనవడు పెద్ద చదువుకు వేరే ఊరు పోయాడు. దసరా సెలవులకు వస్తే సంచి ఇంట్లో పెట్టి నేరుగా గాబు దగ్గరికి వస్తాడు. చొక్కా చేతులు మడిచి, కొబ్బరి పీచుతో నా మీది పాచిని రుద్దుతాడు. పాచి ఉంటే పిట్ట కాలు జారుతుందని అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. మోటారు వేసి, నీళ్ళు పారుతుంటే వేపచెట్టు కింద కూర్చుని చూస్తాడు.

ఈ ఏడు కూడా వచ్చాడు. మరునాడు తెల్లవారుజామున నా మీద ఇరవై గ్రాముల బరువు వాలింది. తోక ఆడింది. రెండడుగులు దిగి, గరుకు చోట కాలు నిలదొక్కుకుని, తలవంచి తాగింది.

నీళ్ళు నా విరిగిన మూల దాకా ఉన్నాయి.