సైకిల్ పుల్లకు గుచ్చిన ఉత్తరాలు

ఈ రోజుల్లో ఎవరి ఇంటికైనా వెళ్లి "మీ తాత రాసిన ఉత్తరం ఒకటి చూపించండి" అని అడిగి చూడండి. ఆధార్ కార్డు చూపిస్తారు, పొలం పాసుపుస్తకం చూపిస్తారు, పెళ్లి ఆల్బం ముందర పెడతారు. ఉత్తరం మాత్రం రాదు. సింగరేణి బొగ్గు బాయిల ఊరు మా మందమర్రిలో నేను అడిగిన ఇళ్లన్నిట్లో ఇదే తంతు. ఇప్పటివాళ్లు ఉత్తరాలు రాయకపోతే పోనీ, కాలం మారిందని సరిపెట్టుకుంటాను. తాతలు రాసినవాటిని కూడా పారేశారే, అది మాత్రం ఓర్చుకోలేను.

మా రోజుల్లో ప్రతి క్వార్టర్‌లో తలుపు వెనక మేకుకు ఒక సైకిల్ పుల్ల వేలాడేది. అడుగు కొస వంచి, దానికి ఒక అట్టముక్క అడ్డం పెట్టి, పై కొస మొన చేసి మేకుకు తగిలేలా వంచేవాళ్లు. వచ్చిన ఉత్తరం చదవడం అయిపోయాక దానికి గుచ్చడమే. కార్డులు, ఇన్‌లాండ్ లెటర్లు, మనియార్డర్ రసీదులు, పెళ్లి పత్రికలు అన్నీ దాని మీదే. కొత్తది పైన, పాతది అడుగున. ఎవరూ నేర్పకుండానే తేదీల వరస కుదిరేది. పుల్ల నిండితే దించి, దారంతో కట్టి, ట్రంకు పెట్టెలో బట్టల కింద పెట్టి, మేకుకు ఇంకో పుల్ల తగిలించేవాళ్లు. చదువు రాని ఇళ్లలో కూడా ఇదే పద్ధతి. కాగితం మీద అక్షరం ఉంటే పారేయొద్దు, కాలు తగలనివ్వొద్దు అనే భయభక్తులు ఉండేవి.

మందమర్రిలో అందరూ ఎక్కడినుంచో వచ్చినవాళ్లే. మంథని, పెద్దపల్లి, జగిత్యాల, హుజూరాబాద్ పక్క పల్లెల నుంచి బొగ్గు బాయి పనికి వచ్చారు. భూమి, ముసలి తల్లిదండ్రులు అక్కడ, డ్యూటీ, జీతం ఇక్కడ. ఈ రెంటికీ నడుమ ఉన్నది పోస్టాఫీసు ఒక్కటే. నెలనెలా జీతం రోజు తర్వాత మనియార్డర్ల వరస కట్టేవాళ్లు. ఫారం కింద కూపన్ మీద రెండు మూడు మాటలకు చోటుండేది, అందులోనే పత్తి అమ్మారా, బావి తవ్వకం ఎంతదాకా వచ్చింది, బర్రె ఈనిందా అని అడగాలి.

మా నాయన బాయిలో బొగ్గు నింపే కోల్ ఫిల్లర్. నేను హైస్కూలుకు వచ్చేసరికి మా లైన్‌లో సగం ఇళ్ల ఉత్తరాలు నా చేతిరాతలోనే వెళ్లేవి. మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసి, గోడకు ఆనుకొని కూర్చొని చెప్పేవాళ్లు. "రాయి బిడ్డా, ఇక్కడ మేమందరం క్షేమం, అక్కడ మీ క్షేమం తెలుపాలె అని రాయి." ఆ వాక్యం అయ్యాక కాసేపు మాట ఉండేది కాదు. ఆ తర్వాత అసలు సంగతి మొదలయ్యేది. తమ్ముడి పేరు బదిలీ ఫిల్లర్ల లిస్టులో వస్తుందో రాదో, చెల్లె పెళ్లికి ఎంత సర్దగలడో, ఎకరం అమ్మొద్దని ఎట్లా బతిమాలాలో. బాయిలో కప్పు కూలి పక్కనోడు పోయిన సంగతి మాత్రం రాయనిచ్చేవాళ్లు కాదు. "అవ్వ భయపడుతది, అది వద్దు" అనేవాళ్లు.

చావు కబురు కార్డును మాత్రం ఇంట్లో ఉంచేవాళ్లు కాదు. మూల చింపిన కార్డు వచ్చిందంటే చదవకముందే ఏడుపు మొదలయ్యేది. చదివాక దాన్ని ముక్కలు చేసి బయట పడేసేవాళ్లు. పసుపు పూసిన కార్డులు పుల్ల మీద ఉండేవి, చింపినవి ఉండేవి కావు. అందుకే ఆ కట్టల్లో పుట్టుకలు, పెళ్లిళ్లు, అప్పులు, అలకలు దొరుకుతాయి గానీ చావులు దొరకవు. ఒక మనిషి పేరు ఫలానా ఏడాది దాకా ప్రతి ఉత్తరం చివర దండాలలో కనిపించి, తర్వాత మాయమైతే, అప్పుడు పోయాడని లెక్క కట్టుకోవాలి.

లైబ్రరీలో కావలి సోదరుల గురించి చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఈ కట్టలే. బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి ఏలూరు వాళ్లు, ఒక ఇంటి అన్నదమ్ములు. కాలిన్ మెకంజీ అనే స్కాట్లాండు ఇంజనీరు ఈస్టిండియా కంపెనీ తరఫున 1790లలో మన నైజాం రాజ్యంలో సర్వే చేశాడు. ఆ రోజుల్లోనే బొర్రయ్య ఆయన దగ్గర చేరాడు. శాసనాలు చదవడం, కరణాల దగ్గర కూర్చొని ఊరి కథ రాయించడం, తాళపత్రాలు సేకరించడం బొర్రయ్య పని. ముప్ఫై ఏళ్లు నిండకుండానే 1803లో పోయాడు. ఆ పని తమ్ముడు లక్ష్మయ్య ఎత్తుకున్నాడు. ఊళ్లమీద తిరిగే సహాయకులు నారాయణరావు వంటివాళ్లు తాము ఎక్కడికి పోయిందీ, ఎవరిని కలిసిందీ, ఏం దొరికిందీ నెలనెలా రాసి పంపేవాళ్లు. ఈ వివరాలన్నీ పన్నులు పెంచడానికేనేమోనని జనం అనుమానించిన సంగతి, గ్రంథాలు ఇవ్వడానికి వెనకాడిన సంగతి, నచ్చజెప్పి కాపీ చేసుకున్న సంగతి ఆ ఉత్తరాల్లోనే ఉంది.

అవి ఇప్పటికీ ఉన్నాయి! రెండు వందల ఏళ్లు దాటినా లండన్‌లో కొన్ని, చెన్నై ప్రాచ్యలిఖిత గ్రంథాలయంలో కొన్ని. మెకంజీ 1821లో చనిపోయాక ఆయన భార్య దగ్గర కంపెనీ లక్ష రూపాయలిచ్చి మొత్తం సేకరణ కొన్నది. 1828లో విల్సన్ అనే పండితుడు అచ్చువేసిన జాబితాలో 8,076 శాసనాలు, 2,070 స్థానిక చరిత్రలు లెక్కకు వచ్చాయి. మనం కైఫీయతులు అంటున్నవి ఈ స్థానిక చరిత్రల్లోవే. మెకంజీ కూడా కృతజ్ఞత తప్పలేదు. 1817లో మిత్రుడు సర్ అలెగ్జాండర్ జాన్‌స్టన్‌కు రాసిన ఉత్తరంలో, భారతదేశపు విద్య వైపు తనకు మొదట వాకిలి తెరిచింది బొర్రయ్యేనని ఒప్పుకున్నాడు. ఆ ఉత్తరం లేకపోతే ఏలూరి కుర్రవాడికి ఆ గౌరవం దక్కిందని మనకెవరు చెప్పేవాళ్లు? చిన్నవాడు రామస్వామి 1829లో కలకత్తాలో దక్కను కవుల జీవితాల మీద ఇంగ్లీషులో పుస్తకం అచ్చువేసి, అందులో అన్న బొర్రయ్య జీవితానికి కూడా చోటిచ్చాడు. అన్న పోయిన పాతికేళ్లకు తమ్ముడు చేసిన పని అది.

లక్ష్మయ్య కథే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. మెకంజీ పోయాక ఆ పనిని తానే కొనసాగిస్తానని 1830లలో అర్జీ పెట్టుకున్నాడు. అది కలకత్తా ఏషియాటిక్ సొసైటీకి వెళ్లింది. కార్యదర్శి జేమ్స్ ప్రిన్సెప్ 1836లో, అంత పనికి ఈయన తగడని తేల్చేశాడు. అన్న చేతుల్లోంచి అందుకొని ముప్ఫై ఏళ్లు మోసిన మనిషికి దక్కిన జవాబు అది. అయితే ఆ తిరస్కారం కాగితం మీద ఉంది, లక్ష్మయ్య చేసిన పని కూడా కాగితం మీద ఉంది. రెండూ ఉన్నాయి కాబట్టి ఎవరికి అన్యాయం జరిగిందో ఈనాడు మనం చదివి చెప్పగలుగుతున్నాం. కాగితం పోతే పెద్దవాడి తీర్పే మిగిలేది.

సి.పి. బ్రౌన్ దొర విషయం కూడా అంతే. తెలుగుకు నిఘంటువు చేశాడు, వేమనను వెలికి తీశాడు, సంతోషం. తనకు వచ్చిన తెలుగు జాబులను చిత్తుకాగితాలనుకోకుండా దాచాడు, అందుకు నేను ఇంకా ఎక్కువ దండం పెడతాను. నెల్లూరి పరిశోధకుడు బంగోరె మద్రాసులో ఆ కట్టలు తిరగేసి, అందులోంచి స్థానిక చరిత్ర ముక్కలను ఏరి 1970లలో పుస్తకాలు వేశాడు. ఆ పని ఆయన పిచ్చి పట్టుదలతో చేశాడు. ఇప్పుడు అంత ఓపిక ఉన్నవాళ్లు ఏరీ? ఒక కట్ట విప్పి దుమ్ము దులిపేలోపల ఫోన్ రెండుసార్లు తీసి చూస్తారు.

ఇంటి ఉత్తరాలు దాచడమంటే ఏమిటో చూడాలంటే మెకంజీ పుట్టిన దేశంలోనే థామస్ కార్లైల్ కుటుంబాన్ని చూడాలి. 1837లో ఫ్రెంచి విప్లవ చరిత్ర రాసిన మనిషి. తండ్రి తాపీ పనివాడు. తల్లికి చదవడం వచ్చు, రాయడం రాదు. దూరాన ఉన్న కొడుకుకు జవాబివ్వాలని పెద్దవయసులో రాత నేర్చుకుంది. 1840కి ముందు అక్కడ ఉత్తరం అందుకున్నవాళ్లే దూరాన్ని బట్టి డబ్బు కట్టుకోవాలి, పేదలకు భారం. వార్తాపత్రికలు మాత్రం టపాలో ఊరికే పోయేవి. అందుకని ఆ ఇంటివాళ్లు ఒక ఉపాయం పెట్టుకున్నారు. పత్రిక పంపుతూ చిరునామా పక్కన రెండు గీతలు గీస్తే అందరూ కులాసా అని అర్థం. మా పిల్లలు గల్ఫ్‌కు పోయిన కొత్తలో "రెండు రింగులిచ్చి పెట్టేస్తా, బాగున్నట్టు అనుకో అవ్వా" అని చెప్పిపోయేవాళ్లు, అదే ఉపాయం.

కార్లైల్ తమ్ముడు అలెగ్జాండర్ 1843లో కెనడాకు వలసపోయాడు. అన్నదమ్ములు మళ్లీ ఒకచోట బతకలేదు గానీ ఉత్తరాలు సముద్రం దాటుతూనే ఉన్నాయి, అన్న రాసిన ఉత్తరాలను తమ్ముడి ఇంటివాళ్లు దాచారు. భార్య జేన్ 1866లో పోయాక కార్లైల్ ఆమె ఉత్తరాలన్నీ ముందర పెట్టుకొని, ఎవరి గురించి రాసిందో, ఏ సందర్భమో తన చేత్తో వివరం రాశాడు. ఆ దంపతుల ఉత్తరాలను 1970 నుంచి సంపుటాలుగా అచ్చువేస్తూ యాభై దాకా తెచ్చారు. కొడుకు చరిత్రకారుడు కాబట్టి దాచారు అంటారేమో. కొడుకు ఇంకా ఎవరికీ తెలియని రోజుల్లో కూడా ఆ తల్లి దాచింది. మా లైన్‌లో తల్లులు కూడా దాచారు. పారేసింది తర్వాతివాళ్లు.

ఎట్లా పారేశారో కళ్లారా చూశాను. రిటైర్ అయితే క్వార్టర్ ఖాళీ చేయాలి. ఊళ్లో కొత్త ఇల్లు కట్టుకుంటారు, గ్రానైట్ పరుస్తారు, అందులోకి ట్రంకు పెట్టె ఎందుకని పాత సామాన్ల బండికి వేస్తారు. పెట్టె ఇనుముకు ఒక ధర, లోపలి కాగితాలకు ఇంకో ధర, కిలో లెక్కన. సింగరేణిలో ఒకప్పుడు లక్షకు పైగా ఉన్న కార్మికులు ఇప్పుడు నలభై వేలకు అటూ ఇటూ అయ్యారు. ఒక్కో క్వార్టర్ ఖాళీ అయినప్పుడల్లా ఒక్కో కుటుంబం కథ తూకానికి పోయింది. మనవలకు చెబితే "ఏముంటుంది తాతా అందులో, క్షేమం క్షేమం అనే కదా" అంటారు.

అందులో ఏముందో చెబుతాను. 1981లో సింగరేణిలో 56 రోజుల సమ్మె జరిగింది. అది పుస్తకాల్లో ఉంది, సంఘాల కరపత్రాల్లో ఉంది. ఆ 56 రోజులు ఇంట్లో పొయ్యి ఎట్లా వెలిగింది, ఏ ఊరి నుంచి ఏ మేనమామ బియ్యం మూట పంపాడు, ఎవరి పుస్తెలు కుదువకు పోయాయి అన్నది ఏ పుస్తకంలోనూ లేదు. ఆ ఎండాకాలం మందమర్రి నుంచి పల్లెకు, పల్లె నుంచి మందమర్రికి నడిచిన కార్డుల్లో ఉంది. మనకు కైఫీయతులు రాసిపెట్టిన కరణాలు లేరు. మెకంజీ మనుషులు రాయించిన తెలుగు కైఫీయతుల్లో ఎక్కువ సర్కారు జిల్లాలవి, సీడెడ్ జిల్లాలవి. పక్కనే బొక్కలగుట్ట దగ్గర గాంధారి ఖిల్లా అంత కోట ఉంది, ఏటా నాయకపోడుల జాతర జరుగుతుంది. దాని కథ నోటిమాట మీద బతుకుతోంది. బాయి మనుషులకు మాత్రం తమ కథ తాము చెప్పి రాయించుకునే రోజులు వచ్చాయి, చెప్పి రాయించారు కూడా. మనం అమ్ముకున్నది దాన్నే.

ఇప్పటివాళ్లు ఫోన్లో అన్నీ ఉన్నాయంటారు. ఫోన్ పగిలితే పోయాయంటారు, నంబర్ మారితే పోయాయంటారు, స్టోరేజ్ నిండితే తామే తుడిచేస్తారు. గల్ఫ్ నుంచి మావాళ్లు మాటలు నింపి పంపిన టేపులు కూడా అట్లనే పోయాయి, వాటిమీద సినిమా పాటలు ఎక్కించారు. టెలిగ్రాం 2013 జూలైలో పోయింది. రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు. కార్డు మాత్రం అర్ధరూపాయికే దొరుకుతుంది. చాయ్ పది రూపాయలైన ఊళ్లో అర్ధరూపాయికి తల్లికి నాలుగు మాటలు రాసే తీరిక లేదంటే నేను నమ్మను. ఆమె దాన్ని పదిసార్లు చదివించుకుంటుంది, దిండు కింద పెట్టుకుంటుంది. వీడియో కాల్‌లో ముఖం చూపించి పెట్టేశాక ఆమె చేతిలో ఏముంటుంది?

క్వార్టర్ ఖాళీ చేయబోతున్నవాళ్లకు, ఊళ్లో పాత ఇల్లు కూల్చబోతున్నవాళ్లకు ఒక్క మాట. సామాన్ల బండిని పిలిచే ముందు అటక మీది పెట్టె దింపి చూడండి. చెదలు తిన్నవి తిననీ, మిగిలినవి నీడలో ఆరబెట్టి, మడతలు విప్పి, ఒక ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. పిన్నులు తీసేయండి, తుప్పు కాగితాన్ని తింటుంది. ఎవరు ఎవరికి రాశారో, ఏ ఊరి నుంచో పెన్సిల్‌తో వెనక రాయండి. అందులో ఉన్న పేర్లు చెప్పగలిగిన ముసలివాళ్లు మందమర్రిలో ఇంకా కొందరు ఉన్నారు. ఈ దసరాకు వచ్చినప్పుడు వాళ్ల పక్కన కూర్చొని అడగండి.