సెప్సిస్‌కు ఎదురేగి స్వాగతం చెప్పే పద్ధతి

కోల్‌కతాలో కాపురాలున్న తెలుగువాళ్ల కోసం ఈ చిట్కాలు. వానాకాలం ఠంఠనియా వైపు మోకాలి లోతు నీళ్లలో నడిచేవాళ్లకు మరీ పనికొస్తాయి. కాలికి ముందే చిన్న పుండుంటే మంచిది. షుగరు కూడా ఉంటే శ్రేష్ఠం: అరికాలికి స్పర్శ ఉండదు కనక ఏది గుచ్చుకున్నా తెలియదు. ఇంటికొచ్చాక సబ్బుతో కడగొద్దు. ఇంత పసుపు, దాని మీద చిటికెడు కాఫీపొడి అద్ది పాత చీర పీలికతో కట్టేయండి.

ఒకటి రెండు రోజుల్లో వణుకుతో జ్వరం వస్తుంది. ఇక్కడ ఊరే మీకు సాయం చేస్తుంది. పక్కింటి దాదా తొంగిచూసి "ఠాండా లేగేఛే" (చలి తగిలింది) అని తేల్చేసి, మంకీ క్యాప్ పెట్టుకోమంటారు. కడుపులో తిప్పుతోందన్నారా, అది గ్యాస్. రోగనిర్ణయం అయిపోయింది, ఫీజు కూడా లేదు.

తర్వాత వీధి మలుపులో మందుల షాపు. చీటీ లేకుండానే యాంటీబయాటిక్ అడగండి. అట్ట మీద నిలువునా ఎర్రగీత కనిపిస్తే అదేదో అలంకారమనుకోండి. డాక్టరు రాయకుండా వాడొద్దని ప్రభుత్వం పెట్టిన గుర్తని ఎవరైనా చెబితే నవ్వేయండి. మూడు మాత్రలు మింగి, జ్వరం తగ్గగానే మానేసి, మిగిలినవి బావమరిదికి దాచండి. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే ప్రయోగశాలల పరిశోధనలు నడిపిన కాలంలోనే, 1948లో, టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ వెలుగు చూసింది. అలాంటి మందులకు సూక్ష్మజీవులు లొంగకుండా చేయడంలో మన వంతు కృషి ఉండాలి కదా!

అసలు నైపుణ్యం చూపాల్సింది పెద్దవాళ్ల విషయంలో. బెహాలా ఫ్లాట్‌లో మూడో అంతస్తులో కూర్చుని అత్తగారు సాయంత్రం హఠాత్తుగా "పార్వతీపురం బండి వచ్చిందా?" అని అడుగుతారు. నిన్నటి దాకా పేపరంతా చదివి, పాలవాడి లెక్క పైసలతో సహా చెప్పిన మనిషి. వయసు కదా, చాదస్తం అనుకోండి. నిమిషానికి ఇరవై రెండుసార్లో, అంతకన్నా ఎక్కువో ఊపిరి తీస్తున్నారేమో లెక్కపెట్టకండి. వేళ్లు చల్లబడితే సాక్సులు తొడగండి. పొద్దుటి నుంచి ఒంటికి వెళ్లలేదంటే "నీళ్లు తాగితేగా" అని విసుక్కోండి. మూత్రంలో మొదలైన ఇన్‌ఫెక్షన్ ఒళ్లంతా అతలాకుతలం చేస్తోందని, క్రిముల మీదికి వెళ్లిన సొంత రక్షణ వ్యవస్థే అదుపు తప్పి రక్తనాళాలను, మూత్రపిండాలను, మెదడును దెబ్బతీస్తోందని, సెప్సిస్ అంటే ఇదేనని, బీపీ పడిపోతోందని అప్పుడే ఎందుకు అనుకోవాలి?

ఆసుపత్రికి వెళ్లే ముందు కుటుంబ సభ తప్పనిసరి. విశాఖలో పెద్దన్నయ్య ఫోనెత్తాలి. న్యూజెర్సీలో డాక్టరు మరదలు నిద్ర లేవాలి. పండగ రోజులైతే "పూజోర్ పోరే" అనే మాట ఈ ఊళ్లో సిద్ధంగా ఉంది. దుర్గాపూజ అయ్యాకే అన్నీ. సెప్సిస్ ముదిరి బీపీ పడిపోయే సెప్టిక్ షాక్ అనుమానం ఉంటే, గుర్తించిన గంటలోపు యాంటీబయాటిక్ ఎక్కించాలనీ, ఆలస్యం కాకుంటే అంతకుముందే కల్చర్ పరీక్షకు రక్తం తీయాలనీ అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతాయి. గంటేమిటండీ! ఏ నర్సింగ్ హోమ్‌లో మనవాళ్లున్నారో తేలడానికే పూట పడుతుంది. ప్రపంచమంతటా 2017లో సెప్సిస్‌తో ముడిపడిన మరణాలు దాదాపు కోటీ 10 లక్షలని అంచనా. ప్రతి ఐదు మరణాల్లో సుమారు ఒకటి. ఇలాంటి సభలు ఎన్ని దేశాల్లో జరిగాయో!

ఇంత చేసినా కొందరు బతికి బయటపడతారు. నిరాశ వద్దు, ఇంకా చేయాల్సింది ఉంది. డిశ్చార్జి కాగితం చేతికి రాగానే రోగం పోయినట్టే లెక్క. మర్నాడే చుట్టాలు హండీడు రసగుల్లాలతో దిగి, "ఐసీయూలో హాయిగా పడుకున్నావుగా" అనాలి. కొన్ని వారాలకు దువ్వెనకు జుట్టు కుచ్చులు కుచ్చులుగా వస్తుంది. ఒక అంతస్తు ఎక్కేసరికి కాళ్లు వణుకుతాయి. తెలిసిన పేరు నోటికి రాదు. రాత్రిళ్లు వెంటిలేటర్ చప్పుడు వినిపించి ఉలిక్కిపడి లేస్తారు. ఇవన్నీ సెప్సిస్ తర్వాత నెలల తరబడి ఉండగల బాధలని ఏ డాక్టరైనా చెబుతారు కనక డాక్టర్ని అడగొద్దు. బద్ధకం అనండి. ఫిజియోథెరపీ మాన్పించండి. టీకాలు అక్కర్లేదనండి. ఒకసారి వచ్చినవాళ్లకు మళ్లీ ఇన్‌ఫెక్షన్లు వచ్చే ముప్పు ఎక్కువ కాబట్టి, ఈసారి జ్వరానికి మరింత నింపాదిగా ఉండండి.

ఇంట్లో ఎవరైనా రవీంద్రుడి మాటెత్తితే మాత్రం వెంటనే విషయం మార్చండి. 1937 సెప్టెంబరులో శాంతినికేతన్‌లో, డెబ్భై ఆరేళ్ల వయసులో, ఎరిసిపెలస్ అనే చర్మపు ఇన్‌ఫెక్షన్‌తో ఆయన సుమారు రెండు రోజులు స్పృహలో లేడు. పెన్సిలిన్ ఇంకా రోగుల దాకా రాని కాలం. "తగ్గుతుందిలే" అని కూర్చోకుండా కోల్‌కతా నుంచి డాక్టర్ నీల్‌రతన్ సర్కార్‌ను పిలిపించారు. కవి కోలుకుని, మృత్యువు అంచు దాకా వెళ్లొచ్చిన ఆ అనుభవంతో 'ప్రాంతిక్' కవితలు రాశాడు. మన పద్ధతికి ఇదెంత చెడ్డ ఉదాహరణో చూడండి.

చివరిగా ఒక హెచ్చరిక. జ్వరంతో మాట తడబడుతున్న మనిషిని ఎమర్జెన్సీకి తీసుకెళ్లి "డాక్టరుగారూ, ఇది సెప్సిస్ కావచ్చా?" అని అడగడం మీ ఇంట్లో ఎవరికీ నేర్పకండి. నేర్పితే పై చిట్కాలేవీ పనిచేయవు.