మంథరకోపాఖ్యానానికి హోట్గి రోడ్డు టీక

మూలం

“తమ్మీ, గా రెండు మగ్గాలు గూడ నువ్వే జూస్కో. చాయ్ ఎనుకకు తాగొచ్చు.”

అవతారిక

షోలాపూర్ హోట్గి రోడ్డులో ఒకానొక చద్దర్ల కార్ఖానాలో, పక్క మగ్గాల పనివాడు నాగా పెట్టిన నాడు శేటు సెలవిచ్చిన వాక్యమిది. శ్రోత తాతలనాడు తెలంగాణ నుంచి వలస వచ్చిన పద్మశాలి కుటుంబంవాడు. వక్తా ఆ కులమువాడే.

ప్రతిపదార్థం

తమ్మీ = ఓ తమ్ముడా (కూలి పెంచమన్న నాడు ఈ వరస చెల్లదు); గా రెండు మగ్గాలు గూడ = ఇప్పటికే ఆడిస్తున్న రెండింటికి తోడు ఆ రెండింటినీ; నువ్వే = మరొకరికి కూలి ఇవ్వనక్కర లేకుండా నీవొక్కడవే; జూస్కో = కండె అయిపోతే మార్చుచు, పోగు తెగితే ముడివేయుచు, నాడె ఎగిరితే తల తప్పించుకొనుచు ఉండుము; చాయ్ = తేనీరు; ఎనుకకు = కరెంటు పోయినప్పుడు.

తాత్పర్యం

చేతులు రెండే అయినా నాలుగున్నట్టు నేయవలెనని భావం.

విశేషాలు

ఈ భావం పంచతంత్రంలోది. అయిదో తంత్రమైన అపరీక్షితకారకంలో మంథరకుడనే సాలెవాడు మగ్గం విరిగితే, కర్ర కోసం చెట్టు కొట్టబోతాడు. చెట్టులో కాపురమున్న వ్యంతరుడు (భూతం) కొట్టవద్దని బతిమాలి వరమిస్తానంటాడు. మిత్రుడైన మంగలి రాజ్యం కోరమంటాడు. భార్య ఇంకో తల, ఇంకో జత చేతులు కోరమంటుంది: ముందొక బట్ట, వెనకొక బట్ట నేయవచ్చు, ఒకటి ఇంటి ఖర్చుకు, రెండోది నలుగురిలో మర్యాదకు. వాడలాగే కోరి ఇంటికి వస్తుంటే జనం రాక్షసుడనుకొని కర్రలతో, రాళ్లతో కొట్టి చంపుతారు.

పంచతంత్ర కథలను తెలుగు వచనంలో చెబుతూ చిన్నయసూరి 1853లో వెలువరించిన నీతిచంద్రిక మిత్రలాభ, మిత్రభేదాలతోనే ఆగింది. మంథరకుడికి సూరి వచనం దక్కలేదు గనుక ఈ టీకతో సరిపెట్టుకోవాలి.

పద్మశాలీల కులమూలపురుషుడు భావనారుషి తామరతూళ్ల నార తీసి దేవతలకు బట్టలు నేశాడని పురాణం. పీసుకు ఎంత కట్టారో పురాణం చెప్పదు.

పూర్వపక్షం

“దురాశ దుఃఖానికి చేటు, ఆడదాని మాట విన్నవాడు చెడును” అని కొందరు నీతి తీస్తారు.

సిద్ధాంతం

అది కుదరదు. మూలంలో లేనిది రాయను, అక్కరలేనిది చెప్పను అని ఒట్టు పెట్టుకున్న వ్యాఖ్యాత కోలాచలం మల్లినాథసూరి మన మెదకు సీమవాడే. ఆయన లెక్కన చూడండి. రాజ్యం కోరితే ఆశ అనవచ్చు. మంథరకుడు కోరింది ఇంకొంచెం పని. భార్య చెప్పింది సంసారపు లెక్క. మిత్రుడి మాట వినలేదని కథకుడు వాణ్ణి తప్పుపట్టాడు గాని, రాయి విసిరినవాళ్లను పల్లెత్తు మాట అనలేదు. నీతి వెతికేవాళ్లూ వాళ్ల జోలికి పోరు.

పైగా మంథరకుడికి నాలుగు చేతులూ దక్కాయి, రెండో బట్ట సొమ్ము కూడా తనకే చెందేది. హోట్గి రోడ్డులో ఆ వరం రెండుగా చీలింది. పని మగ్గం దగ్గరివాడికి, చేతులు మిగుల్చుకున్న లాభం శేటుకు. రాళ్లు మాత్రం ఎవరూ వేయరు. పైగా “పనిమంతుడు” అని మెచ్చుకుంటారు. శేటునూ ఒక్కణ్ణే ఆడిపోసుకోకూడదు. నూలు ధర, కరెంటు బిల్లు అతడి నెత్తిమీది వ్యంతరులు. అయినా చాయ్ ఆపింది మాత్రం అతడే.

నీతి

కూలి పెరగకుండా మగ్గాలు పెరిగితే, చెడ్డ సలహా భార్యది కాదు.

పాఠకులకు మనవి: పిల్లలకు కథ చెప్పేటప్పుడు చివరి నీతి వాక్యాన్ని చేత్తో మూసిపెట్టండి. ఇందులో పని ఎవరిది, సొమ్ము ఎవరిది, దెబ్బలు ఎవరివి అని ముందుగా అడగండి. పిల్లలు చెప్పిన జవాబు చూశాకే చెయ్యి తీయండి.