నట్టు పద్యానికి భైంసా వ్యాఖ్య

మూలం:

నట్టు మరకు నెక్కె నమ్మరా దంతతో
పీట మీద కుదిరి బిగియకున్న
పందె మాడు బండి పయ్యలు నాలుగు
దారి కొకటి పోవు దారుణముగ

అవతారిక: సరదాకు కారు పందేలాడే కుర్రవాడికి రెండు సెట్ల చక్రాలుంటాయి. రోడ్డుకు ఇనుప రిమ్ములు, ట్రాకుకు అలాయ్‌లు. నట్లు మాత్రం ఒక్క సెట్టే. "ఎక్కుతున్నయ్ గదా ఉస్తాద్, ఇంకేంది?" అని అతనడిగితే పంచర్ దుకాణం ఉస్తాద్ చెప్పిన జవాబే ఈ ఆటవెలది అని సంప్రదాయం. ఉస్తాద్‌కు ఛందస్సు ఎలా వచ్చిందని అడగరాదు. భైంసాలో రేసు ట్రాకు లేని మాట నిజమే. దానికి చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టైకో, కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వేకో పోవాలి. నట్టు విద్యలో మాత్రం ఈ ఊరు ఎవరికీ తీసిపోదు. 61వ నంబరు జాతీయ రహదారి మీద పోయే లారీలు, పత్తి కాలంలో జిన్నింగు మిల్లుల ముందు నిలిచే బండ్లు దీన్ని వల్లె వేయిస్తూనే ఉంటాయి.

ప్రతిపదార్థం: నట్టు = చక్రాన్ని పట్టి ఉంచే నట్టు; మరకున్ = స్టడ్డు మీది చుట్లకు; ఎక్కెన్ = ఎక్కినది; అంతతోన్ = ఆ మాత్రానికే; నమ్మరాదు = సంబరపడి పానా కింద పెట్టరాదు; పీట మీదన్ = రిమ్ము రంధ్రంలో నట్టు ఆనే చోట; కుదిరి = చుట్టూ సమంగా ఆని; బిగియకున్నన్ = బిగుసుకోకపోతే; పందెమాడు బండి పయ్యలు నాలుగు = రేసు కారు నాలుగు చక్రాలున్నూ (స్టెప్నీని కలుపుకోరాదు); దారికొకటి పోవున్ = ఎటు తోస్తే అటు పోతాయి. "దారుణముగ" సంగతి చివర చూద్దాం.

తాత్పర్యం: మర కుదరడం సగం పనే, పీట కుదరాలి.

విశేషాలు: మర గురించి పెద్ద వివాదం లేదు. మారుతి కార్లలో స్టడ్డు 12 మిల్లీమీటర్ల లావు, చుట్టుకూ చుట్టుకూ నడుమ 1.25 మిల్లీమీటర్లు. హోండా, టయోటా కార్లలో చాలావాటికి లావు అదే, ఎడం 1.5. ఒకదాని నట్టు రెండోదానికి ఒకటి రెండు చుట్లు వేళ్లతోనే ఎక్కి ఆగిపోతుంది. ఆగినచోట గాలి పానా పెట్టి గుర్రుమనిపించేవాడు ఈ శాస్త్రానికి అధికారి కాడు. విల్లీస్ కాలపు జీపుల్లో ఎడమ చక్రాలకు ఎడమ మర ఉండేది; విప్పుతున్నాననుకుని బిగించి స్టడ్డు విరిచినవాళ్లూ ఉన్నారు. పోలో కారుకు అసలు నట్టే లేదు, బోల్టు వచ్చి హబ్బులోకి దిగుతుంది. అక్కడ "నట్టు" ఉపలక్షణం.

పీట దగ్గరే మతభేదాలు. 60 డిగ్రీల కోను మతం ఒకటి. బజారులో దొరికే అలాయ్‌లు చాలావరకు దీనివే. కంపెనీ నుంచి వచ్చిన హోండా రిమ్ములది గుండు మతం. టయోటా కంపెనీ అలాయ్‌లు చాలావాటిది చదును మతం, అడుగున వాషరుంటుంది. ఒక మతం నట్టును ఇంకో మతం రంధ్రంలో పెడితే మర ఏ అభ్యంతరమూ చెప్పదు, టార్కు పానా కూడా టక్కుమంటుంది. తేడా తెలియాలంటే నట్టు విప్పి ఎండలో తిప్పి చూడాలి. కుదిరినదాని ముఖం మీద చుట్టూ వెడల్పాటి మెరుపు పట్టీ ఉంటుంది. కుదరనిదాని మీద సన్నని గీత, అదీ ఒకవైపే. బరువంతా ఆ గీత మీదే. నాలుగు మలుపులు తిరిగి వేడెక్కేసరికి గీత అరుగుతుంది, నట్టు వదులవుతుంది.

"బిగియకున్న" అన్నచోట పూర్వపక్షి లేచి "పానా ఆగిందంటే బిగిసినట్టే గదా" అంటాడు. కాదు. పానాకు బిగియడం వేరు, చక్రానికి బిగియడం వేరు. పందెగాళ్లు పొడుగు స్టడ్లు వేయించి, పాత టోపీ నట్లే తొడుగుతారు. స్టడ్డు కొస టోపీ లోపల తగిలి పానా ఆగుతుంది, చక్రం మాత్రం లొడలొడలాడుతూనే ఉంటుంది. మందమైన అలాయ్ పెట్టి స్టడ్డు పొట్టిదైపోవడం దీనికి తలకిందుల దోషం. నట్టు పట్టు లోతు స్టడ్డు లావుకు తగ్గరాదని నియమం. అంటే 1.25 మరకు తొమ్మిదిన్నరకు పైగా చుట్లు, 1.5 మరకు ఎనిమిది. లెక్కపెడుతూ తిప్పితే సరి.

ఇక పానా మీదెక్కి నిలబడే సంప్రదాయం. పాత స్విఫ్టుకు కావలసింది 85 న్యూటన్ మీటర్లు. అరమీటరు పానా కొసన పదిహేడు కిలోల బరువు చాలు. అరవై కిలోల మనిషి ఎక్కితే అది మూడు వందలకు చేరువ. స్టడ్డు సాగుతుంది, ఈ రోజు తెగదు, రేసు రోజు తెగుతుంది.

పాఠాంతరం: "పందె మాడు" అన్నచోట "పత్తి మోయు" అని భైంసా ప్రతి. యతి చెడలేదు, గణం చెడలేదు, అర్థమూ చెడలేదు. నాకు ఈ పాఠమే ఇష్టం.

చక్రానికి ఒకే నట్టుండే బండ్లకు ఈ పద్యం వర్తిస్తుందా? 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున తిరిగిన ఫార్ములా ఈ కార్లు ఆ కోవవే. వర్తిస్తుంది, ఇంకా గట్టిగా. 2021 మొనాకో రేసులో పిట్‌లోకి వచ్చిన ఫార్ములా వన్ డ్రైవరు బోటాస్ కారు ముందు చక్రం నట్టు అంచులు గాలి పానా కింద చెక్కుకుపోయాయి. చక్రం రాలేదు, రేసు పోయింది. కారును ఇంగ్లండుకు చేర్చి, దాదాపు 43 గంటల తర్వాత గానీ దాన్ని ఊడదీయలేకపోయారు.

"దారుణముగ" అన్నది యతి కోసం తెచ్చిన అతుకు మాట అని ఒక విమర్శకుడు రాశాడు. ఆయన కారు చూశాను. ముందు చక్రాలకు టోపీ నట్లు, వెనక చక్రాలకు బోడి నట్లు.