పదేళ్ళు ఉండే ముఖం

ఈ బలహీనత మీకూ ఉందని నాకు తెలుసు కాబట్టి మొహమాటం లేకుండా చెప్తున్నాను. ఎవరికైనా ఆధార్ కార్డు చూపించాల్సి వస్తే ఫోటో మీద బొటనవేలు అడ్డం పెట్టి చూపిస్తాం. ఓటరు కార్డు పిల్లల కంటపడితే నవ్వుతారని బీరువాలో పట్టుచీరల అడుగున దాస్తాం. అవి ఇంట్లో పడుండేవి కాబట్టి ఎలాగో సర్దుకుపోతాం. పాస్‌పోర్ట్ అలా కాదు. పెద్దవాళ్ళకి ఒకసారి ఇస్తే పదేళ్ళు. అమెరికా సందర్శకుల వీసా వచ్చిందంటే మనవాళ్ళకి మామూలుగా అదీ పదేళ్ళే. ఒక్క క్షణంలో తీసిన ముఖాన్ని పదేళ్ళు మోయాలన్నమాట. ఆ ముఖం అందంగా ఉండాలని నేను పడిన తాపత్రయం ఇది.

నాకు నలభై ఆరేళ్ళు. ఉండేది హైదరాబాద్ కొండాపూర్‌లో, ఉద్యోగం రాయదుర్గంలో. పాత పాస్‌పోర్ట్‌లో ఉన్నవాడికి ముప్ఫై ఆరు. ఒత్తైన జుట్టు, గట్టి దవడ, ప్రపంచాన్ని కొనేసేలాంటి చూపు. ఆ తర్వాత నా ముఖానికి ఏం జరిగిందో నా దాకా రాకుండా మా ఐటీ కారిడార్ బాగా కాపాడింది. ఆఫీసు బ్యాడ్జీ మీద ఉద్యోగంలో చేరిననాటి ఫోటోనే ఉంటుంది. మీటింగుల్లో కెమెరా ఆపేసి, గోవాలో దిగిన పాత ఫోటో పెట్టుకుని మాట్లాడొచ్చు. ఒకే టీములో ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళు లిఫ్టులో ఎదురుపడితే, నోరు విప్పాక గొంతును బట్టి గుర్తుపట్టుకుంటారు. ఇలాంటి చోట బతికేవాడికి తన అసలు ముఖం ఎదురొస్తే భయం వేస్తుంది. నాకు బాగా వేసింది.

పాస్‌పోర్ట్ గడువు దగ్గరపడగానే నేను చేసిన మొదటి పని దరఖాస్తు నింపడం కాదు, సైబర్ టవర్స్ వెనక సందులో ఉన్న ఫోటో స్టూడియోకి పరిగెత్తడం. అమెరికా కాన్సులేట్ 2023లో బేగంపేట పైగా ప్యాలెస్ నుంచి నానక్‌రామ్‌గూడకి వచ్చింది. వేలిముద్రలు తీసుకునే వీసా కేంద్రం అదే ఏడాది హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లోకి వచ్చింది. దాంతో మా వైపు స్టూడియోల్లో మనిషి లోపలికి అడుగు పెట్టగానే వచ్చే మొదటి ప్రశ్న "ఏ దేశం?" అమెరికాకైతే రెండంగుళాలకి రెండంగుళాలు, యూరప్‌కైతే 35 మిల్లీమీటర్లకి 45. మేకుకి ఒక నల్లకోటు వేలాడుతుంటుంది. ఆ కోటు ఫోటోల్లో ఎక్కని విమానం, దిగని దేశం ఉండదు.

ఆ కోటు తొడుక్కుని ఫోటో దిగాను. అంతవరకూ తప్పేం లేదు. తర్వాత కంప్యూటర్ దగ్గర ఆ కుర్రాడి పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. తప్పంతా ఆ స్టూలు మీదే జరిగింది. కళ్ళ కింద సంచులు తియ్యమన్నాను. తీశాడు. అంతలో గడ్డం కింద మడత కనిపించింది. అదీ తీశాడు. నుదురు మరీ పైకి పోయిందనిపించింది, కాస్త జుట్టు కిందికి జరిపాడు. రంగు ఒక పిసరు, దవడ ఒక పిసరు. చివరికి తెర మీద నాకు పిల్లనివ్వడానికి ఇప్పటికీ నలుగురు క్యూ కట్టేలాంటివాడు తయారయ్యాడు.

"అన్నా, పాస్‌పోర్టుకు ఇట్ల నడవది. ముఖం ఉన్నట్టే ఉండాలె" అన్నాడు కుర్రాడు, ప్రింటు తీసేముందు.

"నువ్వు కొట్టు తమ్ముడూ, నేను చూసుకుంటా" అన్నాను.

పాస్‌పోర్ట్ సేవా కేంద్రాల్లో ఎ, బి, సి అని మూడు దశలు. ఎ కౌంటర్‌లో కాగితాలు స్కాన్ చేసి, వేలిముద్రలు తీసుకుని, ఫోటో కూడా అక్కడే తీసేస్తారు. బి దగ్గర పరిశీలన, సి దగ్గర మంజూరు. ఊరంతటికీ తెలిసిన ఈ సంగతి నాకు తెలీదు. నేను కవరు తీసి, ఫోటోలు వరసగా పేర్చి ముందుకి జరిపితే, కౌంటర్‌లో అమ్మాయి మర్యాదగా వెనక్కి జరిపింది. "ఫోటోలు అక్కర్లేదు సార్. నాలుగేళ్ళలోపు పిల్లలకే తెచ్చుకోమంటాం" అంది. నా వెనక ఒకావిడ ఒళ్ళో పసిపిల్ల ఉంది. తెల్లటి బ్యాక్‌గ్రౌండ్‌తో ఆ పిల్ల ఫోటో చక్కగా తీసుకున్నారు. నాకు ఆ వయసు దాటి నలభై రెండేళ్ళయింది.

కళ్ళజోడు తీయమన్నారు. తీశాను. కెమెరా ఎక్కడుందో వెతుక్కునేలోపే ఫోటో అయిపోయింది. తెర మీద మా పెదనాన్న కనిపించాడు. ఇంకోటి తీస్తారా అని బతిమాలితే ఆ అమ్మాయి విసుక్కోకుండా తీసింది. దవడ గట్టిగా కనపడాలని మెడ సాచి ఊపిరి బిగబట్టాను. ఈసారి అప్పు తీర్చమంటే గొడవకి దిగిన పెదనాన్న వచ్చాడు. అదే ఖాయమైంది.

ఇక్కడితో ఆగుంటే మీ దాకా రావాల్సిన విషయమే కాదు.

అమెరికాలో, డల్లాస్ దగ్గరి ఫ్రిస్కోలో మా చెల్లెలు ఇల్లు కొనుక్కుంది. అన్నయ్యా వదినా గృహప్రవేశానికి రావాలంది. వీసా కావాలి. మా ఆవిడ చిలుకూరు గుడికి తీసుకెళ్ళింది. పదకొండు ప్రదక్షిణలు చేశాం, వీసా వస్తే నూటెనిమిదికి మొక్కుకున్నాం. ఆమె వీసా రావాలని తిరిగింది. నేను మాత్రం స్వామీ, వీసా ఫోటో అయినా నాకు దక్కించు అనుకుంటూ తిరిగాను.

వీసా దరఖాస్తులో ఫోటో మనమే పెట్టాలి. నియమాలన్నీ స్పష్టంగా రాసే ఉంటాయి. ఆరు నెలల్లోపు తీసినదై ఉండాలి. బ్యాక్‌గ్రౌండ్ తెలుపు. ముఖం ఫోటో ఎత్తులో సగం నుంచి 69 శాతం వరకూ ఉండాలి. రెండు కళ్ళూ తెరిచి, మామూలుగా చూడాలి. 2016 నవంబరు నుంచి కళ్ళజోడు కుదరదు. యాప్‌లతో, ఫిల్టర్లతో, కృత్రిమ మేధతో ముఖాన్ని మార్చకూడదని కూడా ఉంది. అన్నీ చదివాను. చివరిది చదివి, అది సినిమా వాళ్ళ కోసం రాసి ఉంటారులే అనుకున్నాను. నా అందగాడి ఫోటో ఫైలునే 600 పిక్సెళ్ళ చతురస్రంగా కత్తిరించి పెట్టాను. కొలత సరిపోయింది, 240 కిలోబైట్లలోపే ఉంది, కంప్యూటర్ కిక్కురుమనలేదు. ఆ రాత్రి నాకు మంచి నిద్ర పట్టింది.

వీసా కేంద్రం కౌంటర్‌లో మనిషి కంప్యూటర్ కాదు కదా. ఫోటో చూశాడు. నన్ను చూశాడు. మళ్ళీ ఫోటో చూసి, ఎప్పుడు తీయించారు అన్నాడు. ఈమధ్యే అన్నాను. ఏమైనా మార్పులు చేశారా అన్నాడు. లేదండీ, లైటింగ్ అన్నాను. పక్కనే ఉన్న మా ఆవిడకి పెళ్ళైన నాటి నుంచీ అబద్ధం చెప్పడం రాదు. "స్టూడియోలో బాగు చేయించుకున్నారండీ" అంది. అతను నవ్వలేదు. కొత్త ఫోటో తెచ్చుకోండి సార్ అన్నాడు. బయటికి పరుగు. మే నెల. రోడ్డు దాటితే ఆటో లేదు, ఉన్న ఆటో రాదు, వచ్చే ఆటోకి సైబర్ టవర్స్ దగ్గర సిగ్నల్ పడింది. దిగి పరిగెత్తాను. నెత్తి మీద పలచబడ్డ చోట కనపడకుండా నల్లపొడి చల్లుకునే అలవాటొకటి నాకుంది, మీకు చెప్పలేదు. చెమటకి అది కరిగి నుదుటి మీంచి కనుబొమల్లోకి, అక్కడి నుంచి చెంపల మీదికి కాలవలు కట్టింది. స్టూడియో అద్దంలో చూసుకునేసరికి బొగ్గుబావిలోంచి అప్పుడే బయటికొచ్చిన ముఖం.

ఆ కుర్రాడు ఒక్క మాట అనలేదు. టిష్యూ కాగితాలు ఇచ్చి, కూర్చోమన్నాడు. నాకంటే ముందు కరీంనగర్ నుంచి వచ్చిన పెద్దవయసు దంపతులున్నారు. కూతురి పురుడికి అమెరికా వెళ్తున్నారట. ఆవిడ ఫోటో తీసి తెర మీద చూపించి, "ఇంకోటి తియ్యాల్నా అమ్మా?" అన్నాడు. ఆవిడ దగ్గరికొచ్చి చూసుకుని, "ఎందుకు బిడ్డా? అది నేనే కదా" అని పక్కకి జరిగింది. నా జేబులో తడిసిన కవరు ఉంది. సిగ్గు అనేది నాకు నిజంగా అప్పుడు వేసింది.

తర్వాత కూర్చుని ఈ ఫోటోల సంగతి చదివాను. పాస్‌పోర్ట్ మీద ఫోటో తప్పనిసరి కావడానికి ఒక గూఢచారి కూడా కారణం. కార్ల్ హాన్స్ లోడీ అనే జర్మన్ మొదటి ప్రపంచయుద్ధంలో చార్ల్స్ ఇంగ్లిస్ అనే అమెరికన్ పాస్‌పోర్ట్‌తో బ్రిటన్‌లో తిరిగాడు. అప్పటి పాస్‌పోర్ట్‌లో ఫోటో ఉంటే కదా పట్టుకోవడానికి. 1914 నవంబరు 6న లండన్ టవర్‌లో అతన్ని కాల్చేశారు. ఏడాది తిరక్కుండా అమెరికా, బ్రిటన్ రెండూ ఫోటో ఉండాల్సిందేనన్నాయి. ఇప్పుడు ఆ పరీక్ష యంత్రాల చేతికొచ్చింది. మన కొత్త ఈ-పాస్‌పోర్ట్ చిప్‌లో ముఖం కూడా ఉంటుంది. శంషాబాద్‌లో డిజియాత్ర దగ్గర ముఖమే బోర్డింగ్ పాస్. కళ్ళ మధ్య దూరం, ముక్కు, పెదవులు, దవడ గీత, ఇవన్నీ కొలిచి ఎదురుగా ఉన్నవాడితో పోలుస్తారు. పళ్ళు కనపడేలా నవ్వితే ఆ కొలతలు కదులుతాయి కాబట్టే నవ్వొద్దంటారు. నేను సరదాగా ఒక పిసరు జరిపించిన దవడ వాళ్ళు కొలిచేవాటిలో ఒకటి. ఇంకొకడి పేరుతో లోడీ వెళ్ళాడు, నేను నా ముఖాన్నే ఇంకొకడిగా చేసుకుని వెళ్ళబోయాను. నాకు కీడు తలపెట్టే ఉద్దేశం లేదు, నిజమే. ఆ సంగతి కౌంటర్‌లో మనిషికి ఎలా తెలుస్తుంది? అతను నన్ను పోల్చి చూసుకునేది ఆ ఫోటోతోనే.

ఇంకొక సంగతి తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. నేను చెరిపించిన ఆ కళ్ళ కింది సంచులు ఊరికే రాలేదు. డల్లాస్‌లో, న్యూజెర్సీలో పగలైనప్పుడు ఇక్కడ రాత్రుళ్ళు మేలుకుని కాల్స్ మాట్లాడితే వచ్చాయి. ఇంటి వాయిదాలు, అమ్మాయి చదువు, నాన్న గుండె ఆపరేషన్, అన్నీ ఆ రాత్రుళ్ళ మీదే నడిచాయి. మా కారిడార్‌లో నా వయసు వాళ్ళ కళ్ళ కింద చూడండి, అందరికీ ఉంటాయి. అమెరికా కోసం తెచ్చుకున్న వాటిని అమెరికాకే కనపడకుండా దాచడానికి నేను డబ్బులిచ్చాను.

వీసా వచ్చింది. అందులో తడి నుదురు, ఎర్రబడ్డ కళ్ళు, కుడి కనుబొమ దగ్గర ఎంత తుడిచినా పోని ఒక నల్ల చార. డల్లాస్ విమానాశ్రయంలో అధికారి దాన్ని చూసి, నన్ను చూసి, క్షణం కూడా తడుముకోకుండా ముద్ర వేసి పంపేశాడు. తిరిగొచ్చాక చిలుకూరులో నూటెనిమిదీ పూర్తి చేశాం. ఈసారి నేను పొడి చల్లుకోలేదు.

ఆ అందగాడి ఫోటో మాత్రం పారేయడానికి చేతులు రాలేదు. లింక్డిన్‌లో పెట్టాను. మా ఆవిడ ఇంకా చూడలేదు. ఇప్పుడు మీకు చెప్పేశాను కాబట్టి ఆమెకి దాచడం బాగుండదు. ఆదివారం టిఫిన్ అయ్యాక నేనే చెప్పి తీసేస్తాను.