బిగ్‌బాస్ బాబాయి

మా నూజెండ్లలో రాత్రి తొమ్మిదిన్నర అయిందని తెలియడానికి గడియారం అక్కర్లేదు. "ఛీ, సిగ్గుండాలి నీకు!" అని బాబాయి గొంతు వినపడితే చాలు. ఎదురింట్లోకి కొత్తగా అద్దెకొచ్చిన పంతులుగారు మొదటిరోజు ఆ కేక విని, మొగుడూ పెళ్ళాల తగాదా అనుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చాడు. తీరా చూస్తే పిన్ని ఓ మూల కూర్చుని గోరుచిక్కుళ్ళకు ఈనెలు తీస్తోంది. బాబాయి తిడుతున్నది టీవీని.

అసలు పేరు రేషన్ కార్డులో ఉంది. ఊళ్ళో మాత్రం బిగ్‌బాస్ బాబాయే. వినుకొండ నుంచి నరసరావుపేట దాకా ఏ ఊళ్ళో దిగినా ఇలాంటి బాబాయి ఒకడు తగులుతాడు. గుర్తుపట్టడం తేలిక. కొందర్ని ఓ ఇంట్లో పెట్టి, ఒక్కొక్కరినీ బయటికి పంపే ఆ బిగ్‌బాస్ షో చూస్తానని చచ్చినా ఒప్పుకోడు. "నేనెందుకు చూస్తానబ్బాయ్! మీ పిన్ని పెట్టుకుంటది, మన కంట పడుద్ది" అంటాడు. ఆ పెట్టుకునే పిన్ని సగం రోజులు అప్పటికే నిద్రపోయి ఉంటుంది.

ఈ కంట పడటం 2017 జూలైలో మొదలైంది. షో నడపడానికి చిన్న ఎన్టీఆర్ వస్తున్నాడని కూర్చున్నాడు. లోనావాలాలో వేసిన ఇంట్లో డెబ్భై రోజుల ఆట, శివబాలాజీ గెలిచాడు. మరుసటేడు నాని వచ్చాడు, 2019 నుంచి నాగార్జున. ఇల్లు కూడా హైదరాబాదులో అన్నపూర్ణ స్టూడియోకి మారింది. బాబాయి కుర్చీ మాత్రం అక్కణ్ణుంచి జరగలేదు.

2020 నుంచి ఏటా సెప్టెంబరులోనే మొదలుపెడుతున్నారు కాబట్టి బాబాయికి అది వ్యవసాయ పంచాంగంలో భాగమైపోయింది. మిరపనారు నాటేటప్పుడు లోపలికి వెళ్ళినవాళ్ళు తొలికోతకి ముందే బయటికొస్తారు. అందువల్ల మనుషుల్ని కూడా చేను చూసినట్టే చూస్తాడు. ఎవరితోనూ గొడవ పెట్టుకోకుండా నవ్వుతూ ముడుచుకుపోయేవాడు ఆకుముడత. పైకి నిగనిగలాడుతూ లోపల డొల్లగా ఉండేవాడు కాయతొలిచే పురుగు పట్టిన కాయ. ఏ పనీ చేయకుండా వంటగదిలో గరిటె పట్టుకుని పది వారాలు దాటించేవాళ్ళు కలుపు. ఒకరి మాట ఇంకొకరికి మోసే రకం మాత్రం తామర పురుగు. "ఆకు కింద కూర్చుని రసం పీలుస్తదిరా. పైనించి చూస్తే ఏమీ కనపడదు" అంటాడు.

తామర పురుగు పేరెత్తితే ఆయన గొంతులో కొంచెం జీర వస్తుంది. 2021లో నల్ల తామర పురుగు మిరప చేలను ఊడ్చిపెట్టింది. అది ఐదో సీజన్ నడుస్తున్న ఏడాది. "టీవీలో సన్నీ గెలిచాడు, చేలో పురుగు గెలిచింది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. అంతకు ముందేడు సోహెల్ 25 లక్షలు తీసుకుని మూడో స్థానంలో బయటికొచ్చేసినప్పుడు మాత్రం రాత్రంతా లెక్కలేశాడు. "క్వింటా ఇరవై వేలనుకో, నూట పాతిక క్వింటాళ్ళు. ఎకరాకి పాతికేసుకున్నా ఐదెకరాల పంటరా! మందు కొట్టకుండా, కూలోళ్ళని పిలవకుండా." ఆ లెక్క విన్నాక పిన్ని అడిగింది, "మరి నువ్వు పదిహేను వారాలు కూర్చున్నావుగా, నీకెంత ఇచ్చారు?" అని.

బాబాయిని అసలు పాడుచేసింది 2018 నాటి రెండో సీజన్. లోపలున్నవాళ్ళు కలిసికట్టుగా కౌశల్‌ని బయటికి పంపాలని నామినేట్ చేయడం, బయట కౌశల్ ఆర్మీ అని జనం ఏకమై కాపాడటం, చివరికి ఆయనే కప్పు ఎత్తుకుపోవడం. అందులోంచి బాబాయి ఒక సూత్రం లాగాడు. ఇంటిల్లిపాదీ ఎవణ్ణి తప్పుపడితే వాడే విన్నరు. సూత్రం దొరికాక ఊరుకోలేదు, ఇంట్లో అమల్లో పెట్టాడు. గేదెకు మేత వేయలేదని పిన్ని, మోటారు ఆపకుండా వచ్చాడని కొడుకు, తడి తువ్వాలు మంచం మీద పడేశాడని కోడలు. ముగ్గురూ ఒకేసారి మీదికొస్తే కుర్చీలో కాలు మీద కాలేసుకున్నాడు. "ముగ్గురూ నన్నే నామినేట్ చేశారంటే ఆట ఎవరు ఆడతన్నట్టు?"

2023లో ఆయనకు పెద్ద చిక్కొచ్చి పడింది. లోపలున్న శివాజీది నరసరావుపేట దగ్గర గొరంట్లవారిపాలెం, అంటే మన పల్నాడు మనిషి. రైతుబిడ్డనంటూ వచ్చిన పల్లవి ప్రశాంత్‌ది మన వృత్తి. ఊరివాడా, వృత్తివాడా? శివాజీయే ప్రశాంత్‌ని వెనకేసుకురావడంతో గండం గడిచింది. డిసెంబరు 17న ప్రశాంత్ గెలిచాడు. ఆ రాత్రి స్టూడియో బయట అభిమానులు ఆర్టీసీ బస్సుల అద్దాలు పగలగొట్టారు, కేసులయ్యాయి, గెలిచినవాణ్ణి కూడా అరెస్టు చేసి తర్వాత బెయిలు మీద వదిలారు. ఈ ఒక్క విషయంలో బాబాయి మాట న్యాయంగా ఉంది. "బస్సేం చేసిందిరా? అదెవరినన్నా నామినేట్ చేసిందా?"

ఇలాంటి ఆట 1999లో నెదర్లాండ్స్‌లో పుట్టిందనీ, 2007లో బ్రిటన్ షోలో శిల్పాశెట్టిని తోటివాళ్ళు జాతి పేరుతో అవమానిస్తే అక్కడి జనం నలభై వేలకు పైగా ఫిర్యాదులు పంపారనీ, చివరికి ఆవిడే గెలిచిందనీ ఓసారి బాబాయికి చెప్పాను. నోరు తెరుచుకుని విన్నాడు. "నలభై వేలా! అంతమంది చూశారన్నమాట" అన్నాడు. తరవాత కాసేపు ఆలోచించి, "చూడకపోతే ఫిర్యాదెట్టా చేస్తారులే" అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

"ఎవరో కొట్టుకుంటే మనకెందుకు బాబాయ్?" అని ఒకసారి నిలదీశాను. కుర్చీలో నిటారుగా అయ్యాడు.

"ఒరే, నువ్వు పల్నాట్లో పుట్టే ఈ మాటంటన్నావా? మాచర్లోళ్ళకీ గురజాలోళ్ళకీ టాస్కేంది? కోడిపందెం. ఓడితే ఏంది? ఏడేళ్ళు ఊరొదిలి పోవాల. అది ఎలిమినేషన్ కాదా? కారంపూడిలో ఏటేటా కార్తీకంలో తిరునాళ్ళ చేసుకుంటా ఎనిమిది వందల ఏళ్ళ కిందటి కొట్లాట ఇంకా చూస్తన్నాంగా. గురజాల రాజు పేరేందో చెప్పు?"

నేను కొంచెం తడబడ్డాను. "నలగామరాజు..."

"ఆలోచించావ్! మరి నాయకురాలి పేరు?"

"నాగమ్మ."

"చూశావా, టక్కున వచ్చింది. ఆ తల్లి కదపకపోతే కథ యాడుంది?"

ఆయనతో వాదించి గెలిచినవాణ్ణి నేను చూడలేదు.

ఆమధ్య ఒక సీజన్లో ఒక పిల్ల ఉండేది. నోరు తెరిస్తే గొడవ. గిన్నె కడగమంటే గొడవ, కడిగితే కడిగినందుకు గొడవ. నెల్లాళ్ళపాటు బాబాయి కేకలన్నీ ఆ పిల్లకే అంకితం. "ఇది పోతేగాని ఇల్లు బాగుపడదు" అని ఊరందరికీ చెప్పాడు. నాలుగో ఆదివారం నిజంగానే పోయింది.

సోమవారం రాత్రి తొమ్మిదిన్నరైంది. వీధిలో చప్పుడు లేదు. పావుగంట చూసి పంతులుగారు మళ్ళీ చెప్పులు లేకుండా పరిగెత్తుకొచ్చాడు, ఈసారి ఒంట్లో బాగాలేదేమోనని. లోపల టీవీ నడుస్తోంది. అందులో అందరూ ఒకరినొకరు అన్నా, చెల్లీ అని పిలుచుకుంటూ ఆమ్లెట్లు వేసుకుంటున్నారు. బాబాయి గడ్డం కింద చెయ్యి పెట్టుకుని దిగాలుగా చూస్తున్నాడు.

"నువ్వేగా బాబాయ్, పోవాలన్నావు?" అన్నాను.

"పోవాలన్నాగాని, పొమ్మన్నానా?" అన్నాడు. మళ్ళీ కాసేపాగి, ఎటో చూస్తూ, "వైల్డ్ కార్డులో మళ్ళీ లోపలికి రానిస్తారంటావా?"

పిన్ని ఇదంతా చూస్తోంది. ఈనెలు తీస్తున్న చేట పక్కన పెట్టింది. లేచొచ్చి టీవీకి అడ్డంగా నిలబడింది.

"పొద్దున పొలానికి పోతా మోటారేసి మర్చిపోయావు. గట్టు తెగి పక్కోళ్ళ చేలోకి నీళ్ళు పోయినయ్యి. నిన్ను నామినేట్ చేస్తన్నా."

బాబాయి ముఖంలోకి రక్తం పొంగింది. తువ్వాలు భుజానేసుకుని లేచి నిలబడ్డాడు.

"ఏందీ? గట్టు తెగింది నా వల్లనా? చెప్పు, పాయింట్ చెప్పు!"

ఆ కేకకు వీధి చివర కుక్క మొరిగింది. పంతులుగారు "హమ్మయ్య" అనుకుంటూ ఇంటికెళ్ళి తలుపేసుకున్నాడు.