తాళం లేని పద్దు

నా పేరు థ్రెడ్ శానిటైజర్. అందరూ టీసాన్ అంటారు. పుట్టింది గూగుల్‌లో. మొదట్లో వాల్‌గ్రైండ్ అనే పరికరం భుజాలెక్కి తిరిగేదాన్ని. 2009లో నా మీద పరిశోధనపత్రం వచ్చింది గానీ, నన్ను తగిలించుకున్న ప్రోగ్రామ్ నత్తనడకే. తర్వాత నన్ను కంపైలర్ కడుపులోకే చేర్చారు. 2012 చివర్లో క్లాంగ్ 3.2లో, మరుసటి ఏడాది జీసీసీ 4.8లో అడుగుపెట్టాను. ఇప్పటికీ నా వల్ల వేగం 5 నుంచి 15 రెట్లు తగ్గుతుంది. ఆ తిట్లు నాకు అలవాటే.

మెమరీని చదివే, రాసే చోట్ల నా పిలుపు ఒకటి ఇరికిస్తాను. ప్రతి 8 బైట్లకూ నీడలాంటి చిట్టా ఉంటుంది: ఎవరు తాకారు, చదివారా, రాశారా, ఎప్పుడు? గోడగడియారంతో నాకు పనిలేదు. 1978లో లాంపోర్ట్ చెప్పిన ‘ముందు జరిగింది’ అన్న వరసే నాకు కాలం. ఒక థ్రెడ్ తాళం వదిలి, ఇంకోటి అదే తాళం పట్టుకుంటే వరస కుదిరినట్టు. ఏ వరసా లేకుండా రెండు థ్రెడ్లు ఒకే చోట చేయిపెడితే, అందులో ఒకటైనా రాస్తే, అరుస్తాను. ఈసారి నష్టం జరగకపోయినా సరే. అయితే నా చిట్టాలో చివరి కొన్ని తాకిళ్ళకే చోటు. అసలు నడవని దారి నా కంట పడదు.

ఒక ఆఫీసులో చేతిలో ఎన్ని పనులున్నాయో లెక్కపెట్టే కౌంటరు ఉండేది. 41 అని రెండు థ్రెడ్లూ చదివి, రెండూ 42 రాసేవి. ఒక పని గాలికిపోయేది.

‘‘అన్నా, టీసాన్ మళ్ళీ అరుస్తోంది.’’

‘‘వదిలెయ్ అమ్మా, స్క్రీన్ మీద చూపించే అంకేగా!’’

ఆ కౌంటరు ఫంక్షన్ పేరు నా నోరు నొక్కే సప్రెషన్ ఫైల్లోకి ఎక్కింది. అప్పట్నుంచీ చూస్తూనే ఉన్నాను, చెప్పే వీల్లేదు.

కొన్నాళ్ళకు మరొకరు, ఆ అంకె సున్నా అయితే బఫర్‌ని విడుదల చేయొచ్చనుకున్నారు. వాడకంలో ఉన్న బఫరే పోయింది. కస్టమర్ దగ్గర మాత్రమే కూలేది. కారణం వెతకడానికి ప్రింట్ పెడితే వేళలు మారి, ఏమీ ఎరగనట్టు నడిచేది. మూడు వారాలు అలా గడిచాయి. చివరికి ఆ అమ్మాయే సప్రెషన్ లైను తీసేసి నన్ను నడిపింది. రెండు థ్రెడ్లు ఏయే లైన్ల దగ్గర ఎదురుపడ్డాయో వరసగా అచ్చువేశాను. ఆమె కౌంటరును అటామిక్ చేసి, బఫర్ విడుదలను తాళం కిందకు తెచ్చింది.

ఆ సప్రెషన్ ఫైల్లో మిగతా పదకొండు లైన్లు ఇంకా అలాగే ఉన్నాయి.